బేసిల్డన్ పార్క్: ఒకే ఇల్లు, ఎన్ని ఉద్యోగాలో

ఇవాళ మనం ఒక ఇంటి గురించి మాట్లాడుకుందాం. రాజుల కోట కాదు, ప్యాలెస్ కూడా కాదు. ఇంగ్లండ్‌లో పల్లెటూరి మధ్య పచ్చిక మైదానంలో ఒంటరిగా నిలబడి ఉంటాయే పెద్ద పెద్ద భవంతులు, వాటిలో ఒకటి. పేరు బేసిల్డన్ పార్క్.

పేరు వినకపోయినా మీలో కొంతమంది దీన్ని చూసే ఉంటారు. 2005లో వచ్చిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' సినిమా గుర్తుందా? కీరా నైట్లీది. అందులో బింగ్లీ అనే డబ్బున్న కుర్రాడు ఊళ్లోకి వచ్చి ఒక పెద్ద బంగళా అద్దెకు తీసుకుంటాడు, నెదర్‌ఫీల్డ్ అని. ఆ బంగళాయే ఇది. ఇంజినీరింగ్ సెకండియర్‌లో హాస్టల్లో ల్యాప్‌టాప్ మీద ఆ సినిమా చూసినప్పుడు 'అబ్బ, ఏం ఇల్లురా' అనుకున్నాను. అంతే. ఆ ఇల్లు ఎవరు కట్టారు, ఏ డబ్బుతో కట్టారు అనే ప్రశ్న నా బుర్రలోకి రానే లేదు.

తర్వాత ఉద్యోగంలో చేరాక కొన్నాళ్లు రెడింగ్‌లో ఆన్‌సైట్‌కి పంపారు. రెడింగ్ అంటే లండన్‌కి పడమటి వైపు. అక్కడ ఐటీ ఆఫీసులు ఎక్కువ, కాబట్టి మనవాళ్లూ ఎక్కువే. ఒక శనివారం నేనూ, ఇద్దరు రూమ్మేట్లూ డబ్బాలో పులిహోర పెట్టుకుని పంగ్‌బోర్న్ మీదుగా ఈ ఇల్లు చూడ్డానికి వెళ్లాం. థేమ్స్ నది లోయ, గొర్రెలు, చెట్లు. ఆ చెట్ల మధ్యలోంచి లేత తేనె రంగు రాయితో కట్టిన మూడంతస్తుల భవనం కనపడింది. బాత్ స్టోన్ అంటారు ఆ రాయిని. ముందు నాలుగు పెద్ద స్తంభాలు. మెట్లు మాత్రం బయటికి కనపడవు, స్తంభాల వెనక దాచేశారు. లోపలికి వెళ్లాక ఒక బోర్డు దగ్గర ఆగిపోయాను. దాని మీద ముర్షిదాబాద్ అని ఉంది.

ముర్షిదాబాద్ ఏంటి, ఇక్కడ ఏంటి?

ఈ ఇల్లు కట్టించినవాడి పేరు ఫ్రాన్సిస్ సైక్స్. ఊరు యార్క్‌షైర్. సొంత భూమి ఉన్న రైతు కుటుంబమే కానీ జమీందార్లేం కాదు. కుర్రవయసులోనే ఈస్టిండియా కంపెనీలో 'రైటర్' ఉద్యోగంలో చేరి బెంగాల్ వచ్చాడు. రైటర్ అంటే గుమస్తా. ఆ రోజుల్లో రైటర్ జీతం ఏడాదికి 5 పౌండ్లు. నెలకి కాదు, ఏడాదికి. మరి అంత తక్కువ జీతానికి ఆర్నెల్లు ఓడలో కూచుని, సగం మంది జ్వరాలతో పోయే చోటికి ఎందుకు వచ్చేవాళ్లు? ఎందుకంటే కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారం కూడా చేసుకోవచ్చు. జీతం పేరుకే. అసలు సంపాదన అంతా పక్క దారిలోనే.

సైక్స్ కాసింబజార్‌లో పనిచేశాడు. అది పట్టు వ్యాపారానికి పెద్ద కేంద్రం. వారన్ హేస్టింగ్స్ కూడా అక్కడే ఉండేవాడు, ఇద్దరూ స్నేహితులు. ఇద్దరికీ వ్యాపారం చూసిపెట్టినవాడు ఒకడే, కృష్ణకాంత నంది. కాంతూ బాబు అంటే బెంగాలీలకి బాగా తెలుసు. తర్వాత కాసింబజార్ రాజవంశం ఆయనతోనే మొదలైంది. అంటే ఈ కథలో లాభపడినవాళ్లు ఇటువైపు కూడా ఉన్నారు. అది దాచిపెట్టి చెప్పను.

1757 ప్లాసీ మీకు తెలుసు, స్కూల్లో చదివాం. కానీ డబ్బు లెక్కలో దానికంటే పెద్ద తేదీ 1765. ఆ ఆగస్టులో మొగల్ చక్రవర్తి షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీ కంపెనీకి ఇచ్చాడు. దివానీ అంటే పన్ను వసూలు చేసుకునే హక్కు. ఉత్తర సర్కార్ల మీద ఫర్మానా కూడా అదే ఏడాది అదే చక్రవర్తి దగ్గర తీసుకున్నారు. అంటే మన శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం దీని దగ్గరికి.

దివానీ వచ్చాక క్లైవ్ ఒక తెలివైన ఏర్పాటు చేశాడు. పైకి నవాబు, ఆయన మనుషులే పాలిస్తున్నట్టు ఉంటుంది. డబ్బు మాత్రం కంపెనీకి పోతుంది. దీనికి నవాబు దర్బారులో కంపెనీ మనిషి ఒకడు కూర్చోవాలి. రెసిడెంట్ అంటారు. ముర్షిదాబాద్‌లో ఆ కుర్చీలో కూర్చున్నది సైక్స్. మా భాషలో చెప్పాలంటే సిస్టమ్ పాతదే, స్క్రీన్ పాతదే, అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం కొత్తవాడి చేతిలో. ఒక పక్క పన్నుల లెక్కలు చూస్తాడు, ఇంకో పక్క అదే ఇలాకాలో సొంత వ్యాపారం చేస్తాడు. తప్పు జరిగితే ఎవరికి ఫిర్యాదు చేయాలి? ఆయనకే.

అసలు శిస్తు కాకుండా 'మతౌత్' అని ఒక అదనపు వసూలు ఉండేది. ఖర్చుల పేరు చెప్పి జమీందార్ల మీద వేసేవాళ్లు. జమీందారు తన జేబులోంచి ఇస్తాడా? రైతు మీద వేస్తాడు. ఈ వసూలు మీద సైక్స్‌కి ఎంత చెడ్డపేరు వచ్చిందంటే, లండన్ పత్రికలు ఆయనకి 'స్క్వైర్ మతూట్' అని పేరు పెట్టాయి. స్క్వైర్ అంటే ఊరి పెద్దమనిషి. మన ఊళ్లల్లో 'కమీషన్ దొరగారు' అన్నట్టు.

ఆయన తీసుకెళ్లిన సొమ్ము రెండున్నర లక్షల పౌండ్ల నుంచి ఐదు లక్షల పౌండ్ల మధ్య ఉంటుందని అంచనా. 5 పౌండ్ల జీతంతో మొదలైనవాడు. ఆయన బెంగాల్ వదిలి వెళ్లిన కొద్దికాలానికే, 1770లో, అక్కడ మహా కరువు వచ్చింది. జనాభాలో మూడో వంతు పోయారని తర్వాత హేస్టింగ్సే రాశాడు. ఆ కరువు సైక్స్ ఒక్కడి వల్ల వచ్చిందని నేను అనడం లేదు, వానలు పడలేదు. కానీ వానలు పడని ఏడాదిలో తినడానికి ఇంట్లో ఏం మిగిలింది అన్నది అంతకుముందు ఐదేళ్లు ఎంత వసూలు చేశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది కదా.

1771లో, అంటే కరువు వచ్చిన మరుసటేడు, సైక్స్ బేసిల్డన్ ఎస్టేటు కొన్నాడు. ఇండియాలో డబ్బు చేసుకుని తిరిగొచ్చినవాళ్లని ఇంగ్లండ్‌లో వెటకారంగా 'నేబాబ్' అనేవాళ్లు. మన నవాబు అన్న మాటే. ఆ బర్క్‌షైర్ జిల్లాలో ఇలాంటివాళ్లు ఎంతమంది దిగారంటే దానికి ఇంగ్లిష్ హిందుస్తాన్ అని పేరే వచ్చింది. హేస్టింగ్స్ కూడా కొన్నేళ్లు దగ్గర్లోని పర్లీ హాల్‌లో అద్దెకున్నాడు. ఇంకో పక్క ఎంగిల్‌ఫీల్డ్ ఇంటి బెన్యన్ గారు అంతకుముందు మద్రాసు గవర్నర్‌గా చేసినవాడు. అందరూ ఒకే కాలనీలో ఫ్లాట్లు బుక్ చేసుకున్నట్టు.

అయితే సైక్స్ కథ సాఫీగా నడవలేదు. 1769లో దక్షిణాదిలో హైదర్ అలీ కంపెనీని చితక్కొడుతున్నాడన్న వార్త లండన్ చేరగానే కంపెనీ షేర్లు పడిపోయాయి. సైక్స్‌కి ఒక్కరోజులో 10,000 పౌండ్లు పోయాయి. హైదర్ గుర్రపు దళానికీ బర్క్‌షైర్‌లో ఒక పెద్దమనిషి బ్యాంకు బ్యాలెన్సుకీ సంబంధం! ఆరు నెలల ఆలస్యంతో నడిచే నెట్‌వర్క్ అన్నమాట.

1774 ఎన్నికలది ఇంకా మజా. షాఫ్ట్స్‌బరీ అనే చిన్న పట్నం నుంచి ఇద్దరు నేబాబులు జోడీగా పోటీ చేశారు. ఒకడు సైక్స్, రెండోవాడు థామస్ రంబోల్డ్. ఓటుకి 20 గినీలు పంచారు. ఎలా పంచారో వినండి. ఒక గదిలో మారువేషంలో ఒకడు కూచుంటాడు, వాడికి 'పంచ్' అని పేరు, తోలుబొమ్మలాటలో జోకర్ పేరు. తలుపుకి చిన్న కన్నం. ఓటరు అక్కడికి వస్తే ఆ కన్నంలోంచి పొట్లం బయటికి వస్తుంది. ఎవరిచ్చారో తెలియదు, మొహం కనపడదు. మన దగ్గర ఎన్నికల ముందు రాత్రి కవర్లు చూసినవాళ్లకి నవ్వొస్తుంది. తర్వాత ఓడిపోయిన అభ్యర్థి మోర్టిమర్ కేసు వేశాడు. ఇద్దరి ఎన్నికా రద్దయింది. 1776లో సైక్స్ 11,000 పౌండ్లు కట్టాలని తీర్పు వచ్చింది. మోర్టిమర్ ఆ డబ్బుతో అదే ఊళ్లో ఇళ్లు కొనుక్కున్నాడు!

ఆ 1776లోనే బేసిల్డన్‌లో ఇంటి పని మొదలైంది. ఆర్కిటెక్టు జాన్ కార్, యార్క్ ఊరివాడు. ఈయనే అంతకుముందు హేర్‌వుడ్ హౌస్ కూడా కట్టాడు. అది వెస్టిండీస్‌లో బానిసల చేత చెరకు పండించిన లాసెల్స్ కుటుంబం ఇల్లు. అంటే ఒకే ఆర్కిటెక్టుకి ఒక క్లయింటు డబ్బు కరీబియన్ నుంచి, ఇంకో క్లయింటు డబ్బు బెంగాల్ నుంచి. గోడలు అప్పగించాడు 1783కల్లా. కానీ లోపల ఇల్లు పూర్తవ్వలేదు. తోట వైపు ఎనిమిది మూలల గది ఒకటి ఉంటుంది, ఇంటి మొత్తానికి అదే అందం. సైక్స్ బతికుండగా ఆ గది అలంకరణ పూర్తే కాలేదు. 1804లో ఆయన పోయాడు. ఆ ఏడాదే కొడుకూ పోయాడు. ఆస్తి ఐదేళ్ల మనవడి చేతికి వచ్చింది, అప్పులతో సహా. ఆ మనవడు పెద్దయ్యాక ఆయన భార్య హెన్రియెటాకీ, తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన డిజ్రేలీకీ మధ్య ప్రేమ వ్యవహారం నడిచింది. డిజ్రేలీ దాని మీద 'హెన్రియెటా టెంపుల్' అని నవల కూడా రాశాడు. దాని మీద వేరే ఎపిసోడ్ చేయొచ్చు, ఇక్కడ వద్దు.

1838లో ఇంటిని 97,000 పౌండ్లకి కొన్నది జేమ్స్ మోరిసన్. ఒక పల్లెటూరి సత్రం నడిపేవాడి కొడుకు. లండన్‌లో బట్టల వ్యాపారంలో కోటీశ్వరుడయ్యాడు. తక్కువ లాభం, ఎక్కువ అమ్మకం అనేది ఆయన సూత్రం. ఒక రాణి చావు దగ్గరపడిందని ముందే పసిగట్టి, సంతాపానికి వాడే నల్ల బట్ట మార్కెట్లో ఉన్నదంతా కొనేశాడని ఆయన గురించి ఒక కథ చెబుతారు. ఆయన చేతుల్లో ఇంటికి కొత్త ఉద్యోగం దొరికింది: బొమ్మల గ్యాలరీ. కాన్‌స్టబుల్ గీసిన 'ద లాక్' అనే ప్రసిద్ధ చిత్రాన్ని మొదట కొన్నది ఈయనే. ఎనిమిది మూలల గది పూర్తయింది కూడా ఈయన కాలంలోనే. ఆయన కూతురు ఎలెన్ 1910లో చనిపోయేదాకా ఈ ఇంట్లో ఏకాంతంగా బతికింది.

ఆ తర్వాతి నలభై ఏళ్లు ఇంటికి నరకం. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులు కోలుకునే ఆసుపత్రి. అది మంచి పనే. 1929లో ఎస్టేటుని పత్రికల యజమాని ఇలిఫ్ కొన్నాడు. ఆయనకి కావలసింది భూమి, ఇల్లు కాదు. ఇల్లు ఇంకొకరికి అమ్మేశాడు, ఫెర్డినాండో అని. ఫెర్డినాండో గారి ఐడియా చూడండి. మొత్తం ఇంటిని రాయి రాయి విప్పి, ఓడలో ఎక్కించి, అమెరికాలో మీకు ఎక్కడ కావాలంటే అక్కడ తిరిగి కట్టిస్తాం, ధర పది లక్షల డాలర్లు అని పుస్తకం అచ్చేసి ప్రకటించాడు. సైక్స్ కూడా ఇంకో దేశపు సొమ్ముని విప్పి ఓడలో ఎక్కించే ఈ ఇల్లు కట్టాడు. ఇప్పుడు ఇంటినే ఎక్కించబోయారు.

టైమ్ కలిసిరాలేదు. 1929 అంటే వాల్‌స్ట్రీట్ కూలిన ఏడాది, ఎవడు కొంటాడు? అప్పుడు ఇంటిని ముక్కలుగా అమ్మారు. భోజనాల గది గోడల అలంకరణ, తలుపులు ఊడదీసి అమ్మితే అవి న్యూయార్క్‌లో వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌కి చేరాయి. అక్కడ ఆ గదికి బేసిల్డన్ రూమ్ అని పేరు పెట్టారు. ముర్షిదాబాద్ నుంచి బర్క్‌షైర్, బర్క్‌షైర్ నుంచి న్యూయార్క్.

రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం స్వాధీనం చేసుకుంది. అమెరికా పారాట్రూపర్లు, అంటే డీ-డే రాత్రి నార్మండీలో దూకిన 101వ డివిజన్ వాళ్లు, ఇక్కడ ఉన్నారు. తర్వాత జర్మన్, ఇటాలియన్ యుద్ధ ఖైదీల శిబిరం. యుద్ధం అయ్యేసరికి కిటికీలు లేవు, నీళ్లు కారుతున్నాయి, చలి. అలాంటి ఇళ్లు అప్పట్లో దేశమంతా ఉన్నాయి. వారసత్వ పన్ను కట్టలేక, పనిమనుషులు దొరక్క, కప్పు బాగుచేయించలేక యజమానులు కూలగొట్టేసేవాళ్లు. 1955లో దాదాపు ఐదు రోజులకి ఒక పెద్ద భవంతి కూలిందని చెబుతారు.

దీన్ని కాపాడింది ఎవరంటే, 1929లో 'నాకు ఇల్లు వద్దు' అన్న ఇలిఫ్ గారి కొడుకూ కోడలూ. 1952లో కొన్నారు. తండ్రి వదిలేసింది కొడుకు తెచ్చుకున్నాడు. ఊడిపోయిన తలుపులు, పొయ్యి చట్రాలు ఎక్కణ్ణుంచి తేవాలి? ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. లింకన్‌షైర్‌లో పాంటన్ హాల్ అని ఇంకో భవంతి పాడుబడి ఉంది, దాని మీద పనిచేసింది కూడా జాన్ కారే. అక్కణ్ణుంచి మహాగనీ తలుపులు తెచ్చి బేసిల్డన్‌లో బిగిస్తే సరిగ్గా కూర్చున్నాయట. ఆ కాలపు వడ్రంగులు కొలతలు అంత కచ్చితంగా పాటించారు. పద్దెనిమిదో శతాబ్దపు కాంపోనెంటు, ఇరవయ్యో శతాబ్దంలో కంపైల్ ఎర్రర్ లేకుండా నడిచింది. పాంటన్ హాల్‌ని మాత్రం తర్వాత కూలగొట్టేశారు.

ఇలిఫ్‌ల మీద నాకు గౌరవమే. పాడైన ఇంటిని పాతికేళ్లు బాగుచేసి, 1978లో నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు మీరు వెళితే ఇంటిని ఎక్కువగా వాళ్ల 1950ల ఇల్లులాగే చూపిస్తారు. వంటగది, పరదాలు, అతిథుల గదులు. 'డౌన్టన్ ఆబీ'లో లండన్ ఇంటి సీన్లు కొన్ని కూడా ఇక్కడే తీశారు. మేం వెళ్లిన రోజు ఒక గదిలో కూచున్న వాలంటీరు పెద్దావిడ పరదాల గురించి ఎంతో ప్రేమగా చెప్పింది. నేను సైక్స్ గురించి అడిగాను. ఒక్క క్షణం ఆగి, 'ఓ, ఆయనా? ఆయన మంచివాడు కాదు' అంది. అని మళ్లీ పరదాల దగ్గరికి వెళ్లిపోయింది. ఆవిడ మీద నాకు కోపం లేదు. నేను కూడా హాస్టల్లో నాలుగు స్తంభాలే చూశాను కదా.

2020లో నేషనల్ ట్రస్ట్ ఒక రిపోర్టు వేసింది. తమ ఆస్తుల్లో వలస పాలనతోనో, బానిస వ్యాపారంతోనో సంబంధం ఉన్నవి 93 అని లెక్క తేల్చింది. బేసిల్డన్ అందులో ఉంది. దాని మీద బ్రిటన్‌లో పెద్ద గొడవ. మా ఇళ్లని అవమానిస్తున్నారు అని కొందరు, ఇప్పటికైనా చెప్పారు అని కొందరు. నాకైతే అందులో అవమానం ఏంటో అర్థం కాలేదు. ఒక ఇంట్లో పారాట్రూపర్లు ఉన్నారని చెప్పడం చరిత్ర అయితే, అది మతౌత్ డబ్బుతో కట్టారని చెప్పడం కూడా చరిత్రే. పరదాల ఖరీదు చెప్పగలిగినప్పుడు గోడల ఖరీదు ఎందుకు చెప్పకూడదు?

సరే, రంబోల్డ్ దగ్గరికి వద్దాం. షాఫ్ట్స్‌బరీలో సైక్స్ జోడీ. వాడు ఎన్నిక పోగొట్టుకుని ఊరుకోలేదు. 1778లో మద్రాసు గవర్నర్‌గా వచ్చాడు. అప్పటిదాకా ఉత్తర సర్కార్ల లెక్కలు ఊళ్లకి వెళ్లి చూడ్డానికి ఒక కమిటీ వేసి ఉంది. రంబోల్డ్ రాగానే దాన్ని ఎత్తేసి, జమీందార్లందరూ మద్రాసు వచ్చి నాతోనే మాట్లాడుకోండి అన్నాడు. మాది విజయనగరం జిల్లా. అక్కణ్ణుంచి మద్రాసు ఎనిమిది వందల కిలోమీటర్లు, ఆ రోజుల్లో పల్లకీలు, గుర్రాలు, దారి పొడవునా ఖర్చు. విజయనగరం నుంచి వెళ్లింది సీతారామరాజు. తమ్ముడు విజయరామరాజుకి ఇష్టం లేకపోయినా ఆయన్నే దివానుగా కూర్చోబెట్టించాడు రంబోల్డ్. దానికి డబ్బు ముట్టిందని ఆరోపణ. 1794లో పద్మనాభం యుద్ధంలో చనిపోయిన విజయరామరాజు ఈయనే, మా స్కూల్లో ఏటా చెప్పేవాళ్లు. రంబోల్డ్ మీద పార్లమెంటులో శిక్ష బిల్లు పెట్టారు, 1783లో అది అటకెక్కింది.

రంబోల్డ్ కూడా ఒక ఇల్లు కట్టించాడు. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, వుడ్‌హాల్ పార్క్. మొదలుపెట్టింది 1777లో, అంటే మద్రాసు రాకముందే, బెంగాల్ డబ్బుతో. పని నడుస్తుండగానే ఆయన మద్రాసులో మన జమీందార్లని పిలిపిస్తున్నాడు. ఆయన తర్వాత దాన్ని కొన్నవాడు పాల్ బెన్‌ఫీల్డ్, ఆర్కాటు నవాబుకి అప్పులిచ్చి పేరు మోసినవాడు. ఇప్పుడు అందులో పిల్లల స్కూలు నడుస్తోంది, హీత్ మౌంట్ అని.

నేను రెడింగ్‌లో ఉండగా అక్కడికి వెళ్లలేకపోయాను. వచ్చే ఎపిసోడ్ రంబోల్డ్ మీదే. విజయనగరం, బొబ్బిలి, పెద్దాపురం వైపు మీ ఇళ్లల్లో పాత కాగితాల్లో గానీ, పెద్దవాళ్ల మాటల్లో గానీ 'మద్రాసు ప్రయాణం' గురించి ఏదైనా ఉంటే నాకు పంపండి. ఉంటాను మరి.